పెరటి కోడి, పొరుగువారి నీతి

పోయిన సంక్రాంతికి ముందు మా కాలనీలో ఒక మహజరు తయారయింది. మా వీధి చివర ఒక ఖాళీ స్థలానికి కాపలాగా రేకుల పాక వేసికొని ఉంటున్న ముసలామె పదకొండు కోళ్ళను పెంచుతూ ఉండేది. అవి తెల్లవారుజామున కూస్తున్నాయనీ, పూలమొక్కల మొదళ్ళు కెలుకుతున్నాయనీ, వాటివల్ల రోగాలు వస్తాయనీ, మొత్తంమీద కాలనీ మర్యాదకు అవి తగవనీ ఆ మహజరు సారాంశం. మొత్తం నలభై రెండు సంతకాలు. అందులో ముప్ఫై ఏడవది నాది. తెలుగు లెక్చరర్ను గనుక మహజరులో ఉన్న రెండు వ్రాత తప్పులు కూడ నేనే దిద్దాను.

వారం తిరక్కముందే ఆమె నన్ను వీధిలో ఆపి అడిగింది: "మా గుడ్లు మీ ఇంట్లోనే కొంటారు గదా మాస్టారూ! సంతకం పెట్టేముందు అమ్మగారినొక మాట అడక్కపోయారా?"

నాకు జవాబు తోచలేదు. కోడిగుడ్డు మా ఇంటికి తగి, కోడి మా వీధికి తగకపోవడమనే ఈ నీతి ఎక్కడ పుట్టింది? ఇది మా కాలనీలో కొత్తగా పుట్టిన బుద్ధా, లేక మనకు వెనుకనుంచి సంక్రమించినదా? ఈ ప్రశ్న పట్టుకొని నేను చదివినదీ, మా ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి తెలిసికొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

కోడి మనిషి దగ్గరకు ఎట్లా వచ్చిందో మొదట చూడాలి. పెంపుడు జీవులలో కలిగే మార్పులను గూర్చి 1868లో ప్రకటించిన గ్రంథంలో డార్విన్, ఇంటికోళ్ళకు మూలం ఎర్ర అడవికోడి అని నిర్ణయించాడు. తరువాతి జన్యుశాస్త్రం కూడ ప్రధానంగా ఆ నిర్ణయాన్నే బలపరచింది. 2022లో వెలువడిన పరిశోధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన, క్రీస్తుపూర్వం 1650-1250 మధ్యకాలపు ఎముకలు ఇప్పటికి తెలిసినంతలో అన్నిటికన్నా పాత ఇంటికోళ్ళవని ఆ పరిశోధకులు భావించారు. వరీ, చిరుధాన్యాలూ పండించే చేలల్లో రాలిన గింజలకోసం అడవికోడి చెట్లు దిగి వచ్చి, క్రమంగా మనిషి చుట్టూ తిరగ నేర్చిందని వారి అభిప్రాయం.

ఈ అభిప్రాయంలో మనం గమనించవలసిన ఆర్థిక విషయం ఒకటి ఉంది. కోడి బ్రతికేది రాలిన గింజమీద, చెరిగి పారబోసిన నూకమీద, పెంటకుప్పలోని పురుగుమీద. గేదెకు గడ్డి కావాలి, గొఱ్ఱెకు బీడు కావాలి. రెంటికీ భూమితో సంబంధం ఉంది. కోడికి పెరడు చాలు, పెరడు లేకపోతే వీధి చాలు. భూమిలేని మనిషికి కూడ సొంతంగా ఉండగలిగిన జీవి ఇది. కోడి గౌరవమూ అగౌరవమూ రెండూ ఈ ఒక్క విషయం నుంచే బయలుదేరాయని నా ఉద్దేశం.

ఇక శాసనాలూ శాస్త్రాలూ ఏమంటున్నవో చూద్దాము. అశోకుడు తన పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వేయించిన అయిదవ స్తంభశాసనంలో చంపరాని జంతువుల పట్టిక ఇస్తూ, కోడిపుంజుల వృషణాలు తీయరాదని కూడ ఆజ్ఞాపించాడు. మాంసం పెరగడంకోసం పుంజులకు ఈ పని చేయడం ప్రజలలో బాగా వాడుకలో లేకపోతే చక్రవర్తి రాతిమీద చెక్కించి నిషేధించవలసిన అవసరం కలగదు. అంటే క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దానికే కోళ్ళ పెంపకం మన దేశంలో ఒక నేర్పుగా స్థిరపడిందన్నమాట.

మనుస్మృతి అయిదవ అధ్యాయం కోడిని మరొక దృష్టితో చూస్తుంది. పుట్టగొడుగు, ఊరపంది, వెల్లుల్లి, ఊరకోడి, ఉల్లి మొదలైనవాటిని తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడని అక్కడ ఉంది. కోడి అని ఊరుకోలేదు. "గ్రామ కుక్కుటం" అని ప్రత్యేకించి చెప్పారు. అడవికోడికి లేని దోషం ఊరకోడికి ఎందుకు వచ్చింది? అది అశుద్ధం తింటుంది గనుక అని సమాధానం చెబుతారు. వీధిలోని కసవు తినే జంతువు కోడి ఒక్కటే కాదు గదా! అయినా ఆ దోషం ఊరకోడికీ ఊరపందికీ అంటుకొన్నంతగా మరొకదానికి అంటుకోలేదు. ఆ రెంటినీ పెంచుకొనేవారు ఎవరో తెలిస్తే కారణం కూడ కొంతవరకు తెలుస్తుంది.

అయిదవ శతాబ్దపు మొదట మన దేశంలో తిరిగిన చీనా యాత్రికుడు ఫాహియాన్ వ్రాతలో దీనికి సాక్ష్యం దొరుకుతుంది. మధ్యదేశంలో ప్రజలు జీవహింస చేయరనీ, ఉల్లి వెల్లుల్లి తిననేరరనీ, పందులను, కోళ్ళను పెంచరనీ ఆయన వ్రాశాడు. చండాలురు మాత్రం ఇందుకు మినహాయింపు. వారు ఊరి వెలుపల నివసించాలి. పట్టణంలోకి వచ్చినప్పుడు కర్రముక్కను తట్టి చప్పుడు చేస్తూ తమ రాకను తెలియజేయాలి. ఆయన చూచినది పెద్దవీధుల ఆచారమే అయివుండవచ్చు. దేశమంతటా కోడి లేదనడం అతిశయోక్తి. కాని ఒకే పుటలో ఆయన ఈ రెండు విషయాలు చెప్పడం మనకు ఉపయోగపడుతుంది. కోడి లేని వీధి అంటే కోడిని పెంచేవారు నివసించరాని వీధి అని ఆనాటికే అర్థం ఏర్పడింది. మా మహజరులోని "మర్యాద" అనే మాటకు ఇంత పాత వంశవృక్షం ఉంది.

అయితే మన సాహిత్యంలో కోడి లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. దండి దశకుమార చరితంలో కోడిపందెం ఉంది. తిక్కనకు అంకితంగా కేతన దానిని 13వ శతాబ్దంలో తెనిగించాడు. ఓరుగల్లు వీధులను కళ్ళకు కట్టించిన క్రీడాభిరామంలో కోడిపందెం ఉంది. పందెపు పుంజుల లక్షణాలు చెప్పడానికి కుక్కుట శాస్త్రమే పుట్టింది. డేగ, కాకి, నెమలి, కౌజు, పింగళ అంటూ ఈక రంగునుబట్టి పేర్లు, ఏ వారం ఏ దిక్కున ఏ రంగు గెలుస్తుందో చెప్పే లెక్కలు అందులో ఉన్నవి. నేను పుట్టినది పల్నాటిసీమలో. 12వ శతాబ్దంలో కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేండ్లు రాజ్యం విడిచిపోయిన కథా, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు కథా మా ఊళ్ళో అక్షరం రానివారికి కూడ తెలుసు. నాగమ్మ పేరు చెబితే ఇప్పటికీ రెండు పక్షాలుగా వాదించుకొంటారు.

ఇదంతా పుంజు చరిత్ర. పుంజు దొరల చేతిలో ఉంటుంది, పందెం కాస్తుంది, రాజ్యాలు పోగొడుతుంది. నేను చదివినంతలో మన కావ్యాలలో పెట్టకు ఇటువంటి స్థానం దొరకలేదు. గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లలను గద్దనుంచి కాపాడి సంసారం నడిపిన పెట్టనూ, ఆ పెట్టను సాకిన స్త్రీనీ చూడాలంటే కావ్యాలు మూసివేసి మన ఇళ్ళలోకి పోవాలి.

మా నాయనమ్మకు అయిదారు పెట్టలూ ఒక పుంజూ ఉండేవి. నాటుపెట్ట విడతకు పన్నెండు మొదలు పదిహేను గుడ్లు పెడుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు. మొత్తం యాభై, అరవై గుడ్లకు మించవు. పెట్ట పొదుగుకు వచ్చిందని గొంతు మారగానే ఆమెకు తెలిసేది. గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచి, గుడ్లను ఒక్కొక్కటే దీపానికి అడ్డంపెట్టి చూచి అమర్చేది. ఉరుముకు గుడ్లు చెడకుండా ఉంటాయని ఒక ఇనుపమేకూ, ఒక బొగ్గుముక్కా కూడ గంపలో వేసేది. ఇరవై ఒకటో రోజున పిల్లలు లేచేవి. నూకలతోబాటు చేను గట్టునుంచి తెచ్చిన చెదలు వాటికి మేత. పన్నెండు గుడ్లకు ఎనిమిది పిల్లలను దక్కించిన పెట్టను ఎంత ధర ఇస్తామన్నా అమ్మేది కాదు. తన పెట్టల ఈతలో పుట్టిన పుంజును వాటితోనే ఉంచక, పక్క ఊళ్ళో బంధువుల ఇంటినుంచి పుంజును బదులు తెచ్చేది. "ఒకింటి నెత్తురు ఒకింట్లోనే తిరిగితే పిల్ల బతకదు" అనేది. ఇనుపమేకు ఉరుముకు పనిచేస్తుందని నేను అనను. కాని పుంజును మార్చడం, తల్లిని ఎన్నుకోవడం నిక్కమైన శాస్త్రమే. అక్షరాలలోకి ఎక్కలేదు గనుక దానికి శాస్త్రమనే పేరు రాలేదు.

మా ఇంట్లో పొలం కాగితం తాతయ్య పేర ఉండేది. పాలడబ్బు తాతయ్య చేతిలో పడేది. గుడ్ల డబ్బు ఒక్కటే నాయనమ్మ కొంగున ఉండేది. ఉప్పూ, అగ్గిపెట్టె, నా పలకా, చివరకు నా పదవ తరగతి పరీక్ష ఫీజూ ఆ కొంగుముడి నుంచే వచ్చాయి. అయితే అల్లుడు వచ్చిననాడు కోసిన కోడిలో ఆమె వంతుకు మెడా కాళ్ళూ తప్ప మరేమీ మిగిలేది కాదన్న సంగతి కూడ చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

మరొక పద్ధతి ఉండేది. కోడిని కొనే స్తోమత లేని ఇరుగుపొరుగు స్త్రీకి పెట్టను "పాలుకు" ఇచ్చేవారు. పెంచే శ్రమ ఆమెది. పిల్లలలో సగం పెట్ట యజమానురాలివి. ఏమీలేని మనిషి ఒక ఏడాదిలో రెండు పెట్టలకు సొంతదారు కావడానికి ఇది దారి. అదే సమయంలో శ్రమించనివారికి సగం ముట్టజెప్పే పద్ధతి కూడ ఇదే. ఈ లెక్కన మా నాయనమ్మను చిన్నపాటి భూస్వామినిగా జమకట్టవలసి ఉంటుంది. పల్లె జీవితాన్ని తలచుకొని కన్నీరు కార్చేవారు ఇటువంటి వివరాలను వదిలివేస్తారు.

పేదవారి చేతిలో ఉన్న ఈ కాస్త ఆస్తిని కూడ పైవారు వదలలేదు. నిజాం పాలనలోని తెలంగాణా గ్రామాలలో అధికారి మకాం దిగితే ఆయనకూ పరివారానికీ కోళ్ళూ గుడ్లూ సమకూర్చవలసిన భారం కింది కులాల ఇళ్ళమీద పడేది. ధర అడిగే హక్కు లేదు. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధపోరాటానికి భూమితోబాటు వెట్టి ఒక ముఖ్య కారణమని మనకందరకూ తెలుసు. వెట్టి అంటే అరకతో, బండితో, మోతతో చేసిన చాకిరి మన కళ్ళముందు మెదులుతుంది. గంపకింద మూసిన కోడిని పట్టుకుపోయినప్పుడు ఒక స్త్రీ ఆరు నెలల ఆదాయం పోయిందన్న సంగతి అంత త్వరగా మెదలదు.

ఆ స్త్రీ శ్రమ ఈనాటి లెక్కల్లో సైతం సులభంగా కనిపించదు. జాతీయ నమూనా సర్వేవారు "ఇంటిపని" కింద జమవేసిన స్త్రీలను, కూరపాదులూ కోళ్ళూ పెంచుతున్నారా అని మళ్ళీ విడిగా ప్రశ్నించవలసి వచ్చింది. అట్లా అడిగేవరకు ఆ పని పనిగా లెక్కకు రాలేదు.

ఇక్కడ మనకందరకూ తెలిసిన ఒక సామెత జ్ఞాపకం చేసికోవాలి. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనీ, తన కుంపటి లేకపోతే ఊళ్ళో పొయ్యి రాజదనీ నమ్మిన ముసలమ్మ, ఊరిమీద అలిగి ఆ రెంటినీ తీసికొని అడవికి పోయిందట. ఊరికి మామూలుగానే తెల్లవారింది. "నా కోడీ కుంపటీ" అని మనం ఇప్పటికీ నవ్వుకొంటాము. నేను కూడ తరగతిలో ఈ కథను అహంకారానికి ఉదాహరణగా చెబుతూ వచ్చాను. ఈ మహజరు తరువాత మరొక ప్రశ్న తోచింది. ఆమె ఎందుకు అలిగింది? రోజూ ఆమె కుంపటినుంచి నిప్పు తెచ్చుకొన్న ఊరివారు ఆమెను ఏమన్నారు? కథలో ఆ భాగం లేదు. చెప్పినది నవ్విన ఊరు. అడవికి పోయిన ముసలమ్మ చెప్పిన కథ మనకు చేరలేదు.

ఇప్పుడు ఆధునిక దశకు వద్దాము. 1971లో బి. వి. రావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించడం, 1982లో గుడ్డు ధరను పెంపకందార్లే నిర్ణయించుకొనేందుకు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడడం మన కోళ్ళ పరిశ్రమ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. ఫారంకోడి ఏడాదికి మూడువందల గుడ్లు పెడుతుంది. పేద పిల్లవాని మధ్యాహ్న భోజనంలోకి గుడ్డు రాగలగడానికి ఈ ఉత్పత్తి పెరుగుదలే ఆధారం. దీనిని కాదని నాయనమ్మ గంపకే తిరిగి పోదామనడం అభివృద్ధి నిరోధకమవుతుంది.

కాని పెరటి కోడి కాలం చెల్లిందనుకోవడం కూడ పొరపాటే. 2019 పశుగణన ప్రకారం దేశంలోని కోళ్ళు మొదలైన పెంపుడు పక్షులు 85 కోట్ల 18 లక్షలు. అందులో పెరటివి 31 కోట్ల 70 లక్షలు. అంతకుముందు 2012లో జరిగిన గణనతో పోలిస్తే ఫారం పక్షులు నాలుగున్నర శాతం పెరగగా, పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. మొత్తం సంఖ్యలో తమిళనాడు తరువాత రెండవ స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడవది తెలంగాణాది.

ఇన్ని కోట్ల పక్షులకు విజ్ఞానశాస్త్రం ఎంతవరకు అందింది? మన పల్లెల్లో కొక్కెర తెగులు అని పిలిచే వ్యాధికి శాస్త్రజ్ఞులు ఇక్కడ రాణీఖేత్ వ్యాధి అని పేరు పెట్టారు. 1920ల చివర కుమావూ కొండల్లోని ఆ ఊళ్ళో దానిని గుర్తించారు. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో టీకా తయారయింది. ఆ టీకా సీసాలు నూరు, రెండువందలు, అయిదువందల మోతాదుల చొప్పున వస్తాయి. చల్లగా నిలవ ఉంచాలి. మూత తీసిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి. పదివేల కోళ్ళున్న ఫారానికి ఇది సమస్య కాదు. పది కోళ్ళున్న స్త్రీకి ఇదే పెద్ద సమస్య. మా నాయనమ్మ గంపలు ఒక్క వేసవిలో రెండుసార్లు ఖాళీ కావడం నేను చూచాను; ఆనాటికి టీకా పుట్టి అరవై ఏండ్లు దాటింది.

రాజేంద్రనగర్‌లోని ప్రభుత్వ కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకంకోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. ఇది మెచ్చుకోదగిన కృషి. నాటుపెట్టకన్నా అవి ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే వాటిలో పొదిగే గుణం తక్కువ. పిల్లలకోసం మళ్ళీ హేచరీకి పోవాలి. గుడ్ల సంఖ్య పెరిగింది గాని, మందను తిరిగి పుట్టించుకొనే శక్తి పెంచే స్త్రీ చేతిలోనుంచి జారింది. ఈ లాభనష్టాలను ఆమెనే కూర్చోబెట్టి లెక్కవేయించాలి.

ఇక రోగాల మాట. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడినది వ్యాపార ఫారాలలో. 2008లో పశ్చిమ బెంగాల్‌లో అది ఎక్కువగా పెరటి కోళ్ళలో కనిపించింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో మళ్ళీ పెద్ద ఫారాలనే దెబ్బతీసింది. రోగం ఫారానికీ పెరటికీ భేదం చూడదు. టీకా, పరీక్ష, నష్టపరిహారం రెండు చోట్లా సమానంగా ఉండాలని అడగడం సబబు. ఫారానికి వస్తే దురదృష్టమనీ, పాకకు వస్తే మురికి అనీ అనుకోవడంలోనే ఫాహియాన్ నాటి వీధి మళ్ళీ కనిపిస్తుంది.

పొరుగువారి ఫిర్యాదులన్నీ బూటకమని నేననను. పుంజు నాలుగు గంటలకే కూస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి అది బాధే. పూలమొక్క పోతే మనసు నొచ్చుతుంది. గూడు శుభ్రం చేయకపోతే వాసన వస్తుంది. వీటికి మందులున్నాయి. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అక్కరలేదు. పిల్లలు కావలసినప్పుడే కావాలి. మధ్యాహ్నం వరకు మూసి సాయంత్రం వదిలితే మొక్కలు దక్కుతాయి. గూటికింద వేసిన తవుడుపొట్టు ఎరువుగా అదే మొక్కలకు పనికివస్తుంది. ఈ మాటలు ఆమెతో కూర్చొని మాట్లాడితే తేలేవి. నలభై రెండుమందిలో ఒక్కరమూ ఆ పాకకు పోలేదు.

సంక్రాంతికి మా కాలనీవారు కొందరు గోదావరి జిల్లాలకు పోయి కోడిపందేలు చూచి వచ్చారు. జంతువులను పోరుకు పురికొల్పడం 1960 చట్టం ప్రకారం నేరం. అయినా ఆ పుంజుల ఫోటోలను అందరికీ గర్వంగా చూపించారు. పుంజుకు ఉన్న మర్యాద అటువంటిది.

నేను కాలనీ సంఘానికి నా సంతకం వెనక్కు తీసికొంటున్నట్లు ఉత్తరం వ్రాసి, దాని సంగతి చెప్పడానికి పాకకు పోయాను. గంపలు బోర్లించి ఉన్నాయి. "మొన్ననే అమ్మేశాను మాస్టారూ, పండక్కి రేటు బాగుందన్నారు" అన్నది. పదకొండింటినీ నాటుకోడి మాంసం అమ్మే దుకాణంవాడు కొనుక్కుపోయాడు. ఆ దుకాణం ముందు ఆదివారంనాడు వరుసలో నిలబడేవారిలో మా కాలనీవారు ఉంటారు. "మళ్ళీ తెచ్చుకో మామ్మా, ఈసారి నేను మాట్లాడతాను" అన్నాను. "పెట్ట దొరకాలి గదా" అన్నది. మా ఊరినుంచి రెండు పెట్టలు తెచ్చి ఇస్తానని చెప్పాను. పాలుకు కాదనీ, ఆమెకేననీ కూడ చెప్పవలసి వచ్చింది. ఎందుకంటే ఆమె మొదట అడిగినది ఆ ప్రశ్నే.

విద్యార్థులకూ, సహోపాధ్యాయులకూ ఒక మనవి. 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు వెలువడినప్పుడు రైతు మాటకు పాండిత్య లోకంలో గౌరవం లభించింది. కుక్కుట శాస్త్రాన్ని మనవారు ఏనాడో గ్రంథస్థం చేశారు. గంప వేయడం, పొదుగుకు కూర్చోబెట్టడం, గుడ్డును దీపానికి పట్టి చూడడం, పుంజును బదులు తేవడం, పాలుకు ఇవ్వడం - ఈ పనులకు మన జిల్లాలలో స్త్రీలు వాడే మాటలు ఇంకా వారి నోళ్ళలో ఉన్నాయి. వచ్చే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసికొనిపోయి వాటిని వ్రాసికొని రండి. ఎవరి కోడి ఎవరు పట్టుకుపోయారో కూడ అడగండి. ఆ జవాబులు లేకుండా మనం వ్రాసే సాంఘిక చరిత్రలో ముసలమ్మ ఇంకా అడవిలోనే ఉంటుంది.